నీ బోరు లెక్క నువ్వు చెప్పకూడదు

నేను రిటైరయ్యాక నా సీట్లో చేరిన అమ్మాయి ఈ పొద్దున ఫోన్ చేసింది. "మేడం, ఎల్లుండి గ్రామసభ. రెండు పార్టీల వాళ్ళూ వస్తామన్నారు. నేనేం మాట్లాడాలి?" అని అడిగింది. ఏం మాట్లాడాలో నాకే తెలిసి ఉంటే ఇరవయ్యేడేళ్ళ సర్వీసులో అన్ని తిట్లు తినేదాన్ని కాదు. ఏం మాట్లాడకూడదో మాత్రం కాస్త తెలుసు. అదీ దెబ్బ తగిలాకే తెలిసింది. ఫోన్లో చెబితే నాకు సిగ్గుగా ఉండే భాగం దాటేస్తాను. అందుకని కూర్చుని రాస్తున్నాను.

నా పేరు ఖాసింబీ. గుత్తిలో పుట్టాను. మా నాయన బోరు మోటార్లకు వైండింగ్ చుట్టేవాడు. నేను అనంతపురం పల్లెల్లో ఒక నీటి ప్రాజెక్టులో ఫీల్డ్ ఆఫీసరుగా పనిచేసి రిటైరయ్యాను. నా బదిలీలు, రాని ప్రమోషను, ఆడిట్ వాళ్ళ ప్రశ్నలు ఇక్కడ రాయను. అవి అందరికీ ఉన్నవే. ఒక ఊరు, రెండు వానాకాలాలు, నేను చెప్పిన ఒక అబద్ధం, దానివల్ల ఎండిన రెండెకరాల వేరుశనగ. అంతే రాస్తాను. ఊరు నల్లమాడ దిక్కున ఉంది, పేరు చెప్పను. మనుషుల పేర్లు మార్చాను. వన్నూరమ్మ మాత్రం తన పేరు మార్చనివ్వలేదు. "మారిస్తే నేనేమో తప్పు చేసినట్ల ఉంటాది" అంది.

కుర్చీలు

ఆర్డరు కాగితం ప్రకారం నా పని బోర్లను కలపడం. ఊర్లోని బోర్లన్నిటినీ పైపులతో ఒకదానికొకటి కలిపి, వాన మొహం చాటేసినప్పుడు బోరు లేని రైతు చేనుకు కూడా ఒక తడి నీళ్ళు అందేలా చూడాలి. పైపులూ స్ప్రింక్లర్లూ ప్రభుత్వం ఇస్తుంది. బదులుగా ఊరు రెండు మాటలు ఒప్పుకోవాలి. బోరున్నవాళ్ళు పక్క చేనుకు నీళ్ళివ్వాలి. కొన్నేళ్ళపాటు ఎవరూ కొత్త బోరు వేయకూడదు.

కాగితంలో లేని అసలు పని వేరు. ఏళ్ళ తరబడి ఒకరి మొహం ఒకరు చూసుకోని మనుషుల చేత ఒకచోట నీళ్ళ గురించి మాట్లాడించడం. మా దిక్కు పార్టీ అంటే ఓటు ఒక్కటే కాదు. ఏ హోటల్లో టీ తాగుతావు, ఎవరి ట్రాక్టరు పిలుస్తావు, ఎవరి పెళ్ళిలో కూర్చుని భోంచేస్తావు, ఎవరి పెళ్ళిలో నిలబడి కవరు ఇచ్చి వస్తావు, అన్నీ దాన్ని బట్టే. నేను చెబుతున్న ఊర్లో రెండు టీ హోటళ్ళు ఎదురెదురుగా ఉండేవి. ఒకదాంట్లో తాగితే రెండోదాంట్లోనూ తాగాలి, లేకపోతే మనం ఆ రోజుకు ఆ పార్టీ మనుషులం అయిపోతాం. అట్లా రోజుకు ఎనిమిది టీలు తాగి నేను కడుపు పాడుచేసుకున్నాను.

పంచాయతీ ఆఫీసులో ఆరు కుర్చీలు ఉండేవి. ఆరింటిలో మధ్య రెండూ ఎవరికి వేయాలి అన్న దగ్గరే సగం సభ అయిపోయేది. ఒకసారి ఒక కుర్చీకి చెయ్యి విరిగి ఉంటే, కావాలనే మా పెద్దాయనకు విరిగిన కుర్చీ వేశారని ఒక పక్షం మొత్తం లేచి వెళ్ళిపోయింది. నవ్వొస్తుంది కదా? అక్కడ ఉన్నప్పుడు రాదు.

ఇద్దరు పెద్దమనుషులు

ఒక పార్టీకి పెద్ద చెన్నారెడ్డి. పంచాయతీ ఆయన చేతిలో ఉండేది, పైన ప్రభుత్వమూ వాళ్ళదే. అందుకని మా పథకాన్ని తన సొంత పథకంలా మోసేవాడు. మాట గట్టి, మీసం గట్టి. ఎదుటివాడు మాట్లాడుతుంటే ఫోను చూసుకునేవాడు.

రెండో పార్టీకి పెద్ద నారాయణప్ప. ఆయన వయసులో పెద్దవాడు, తక్కువ మాట్లాడేవాడు. పథకం వద్దనేవాడు. ఎందుకని మొదటిసారి అడిగినప్పుడు నన్ను కిందికీ పైకీ చూసి, "ఎనిమిది బోర్లు వేసినామ్మా. ఏడు ఎండిపాయ. ఎనిమిదోదాంట్లో నీళ్ళు పడినాయి. ఆ ఏడు ఎండినప్పుడు ఊరు నా తట్టు చూడలేదు. ఇప్పుడు నీళ్ళు మాత్రం ఊరివంటావా?" అన్నాడు. ఇంకో మాట కూడా అన్నాడు. "కొత్త బోర్లు వద్దంటే బోరు లేనోడు ఎప్పటికీ లేనోడే గదా. సర్కారు బీదోళ్ళకు బోర్లు వేయించియ్యల్ల గాని, ఆపేదేంది?"

చెన్నారెడ్డి వాదన కూడా తీసిపారేయదగింది కాదు. మా నేల కింద ఉన్నది బండ. బండ పగుళ్ళలో ఉన్న నీళ్ళే నీళ్ళు. ఒకరు లోతుగా వేస్తే పక్కవాడిది ఎండుతుంది, వాడు ఇంకా లోతుకు పోతాడు. ఆపకపోతే అందరివీ ఎండుతాయి.

ఇద్దరిదీ సగం సగం నిజం. ఈ సంగతి ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను గానీ, అప్పట్లో నారాయణప్ప నాకు ఒట్టి మొండివాడిగానే కనిపించాడు. నేను ఏ పార్టీ కాదని ఊరంతా చెప్పుకు తిరిగేదాన్ని. కానీ పథకం నాది, నా పై అధికారిది. దాన్ని ఒప్పుకున్నవాడు మంచివాడు, కాదన్నవాడు చెడ్డవాడు అని నా లోపల గీత గీసుకునే ఉన్నాను. నాకూ ఒక పార్టీ ఉంది, అది నాకు మాత్రమే తెలియలేదు.

ఇద్దరూ చిన్నప్పుడు బళ్ళో ఒకే బల్ల మీద కూర్చున్నవాళ్ళట. నేను వెళ్ళేనాటికి ఎదురుపడినా నేరుగా మాట్లాడుకునేవాళ్ళు కాదు. ఇద్దరి మధ్య నన్ను నిలబెట్టి, "ఆయప్పకు చెప్పు మేడం" అని ఒకరు, "ఆయప్పనే అడుగు మేడం" అని ఒకరు. మూడడుగుల దూరంలో ఉన్న మనిషికి నేను మాట మోయాలి. మోశాను కూడా. అది నా గొప్ప అనుకున్నాను.

మోసిన మాట

మొదటి ఏడాది వాన బాగానే మొదలైంది. వేరుశనగ పూత పట్టి ఊడలు మట్టిలోకి దిగే సమయానికి చుక్క లేకుండా పోయింది. ఆ దశలో పది పన్నెండు రోజులు తడి తగలకపోతే కాయ ఊరదు, చెట్టు బతికినా మేతకే.

వన్నూరమ్మకు రెండెకరాలు. బోరు లేదు. భర్త పోయాక ఆ రెండెకరాలే ఆమెకూ ఆమె అత్తకూ తిండి. ఇల్లు చెన్నారెడ్డి వీధిలో, ఓటు ఆయన పార్టీకి. చేను మాత్రం నారాయణప్ప బోరు పక్కన. ఇంకెవరి బోరు నుంచి నీళ్ళు తేవాలన్నా నారాయణప్ప పొలం దాటాల్సిందే.

మా ప్రాజెక్టు అధికారికి వారంలో ఏకగ్రీవ తీర్మానం కావాలి. ఆయన చెడ్డవాడేం కాదు, రోజూ పైనుంచి ఫోన్లు భరించేవాడు. కానీ ఆయన దృష్టిలో సభ అంటే ఫోటో. "అందరూ చేతులెత్తిన ఫోటో ఒకటి చాలు ఖాసింబీ, మిగతాది తర్వాత చూసుకుందాం" అన్నాడు. మిగతాది అంటే వన్నూరమ్మ చేను.

నేను నారాయణప్ప దగ్గరికి వెళ్ళాను. "వన్నూరమ్మకు ఒక తడి ఇస్తారా పెద్దాయనా?" అంటే, "చూద్దాంలేమ్మా" అన్నాడు. చెన్నారెడ్డి దగ్గరికి వెళ్ళి, నారాయణప్ప పార్టీ వాళ్ళు ముగ్గురికి మీ బోరు నుంచి ఒక తడి ఇస్తారా అని అడిగాను. ఆయనా "చూద్దాంలే మేడం" అన్నాడు. ఆ మాటకు మా దిక్కు అర్థమేమిటో నాకు బాగా తెలుసు. అయినా చెన్నారెడ్డితో "నారాయణప్ప సరేనన్నాడు" అని, నారాయణప్పతో "చెన్నారెడ్డి సరేనన్నాడు" అని చెప్పాను. ఒకరు ముందు వంగారంటే రెండోవాళ్ళు తేలిగ్గా వంగుతారు, సభలో అందరి ముందూ కాదనలేరు, ఆ తర్వాత అదే నిజమైపోతుంది అనుకున్నాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

సభ రోజు బ్యానరు కట్టారు, కుర్చీలు వేశారు. చెన్నారెడ్డి లేచి మీసం దువ్వుతూ, "ఆలస్యమైనా ఆయప్ప దారికొచ్చినాడు. మా వన్నూరమ్మకు నీళ్ళిస్తానని మేడంతో ఒప్పుకొన్నాడు. సంతోషం" అన్నాడు.

నారాయణప్ప కుర్చీలోంచి నిదానంగా లేచాడు. "నేనెప్పుడు ఒప్పుకొంటి? నువ్వు ఒప్పుకొన్నావని గదా ఈమె నాకు చెప్పింది?"

ఇద్దరూ నా వైపు తిరిగారు. ఆ ఊర్లో వాళ్ళిద్దరూ ఒకే దిక్కు చూడడం అదే మొదటిసారేమో. నా నోట్లోంచి "అంటే... సుమారుగా" అని వచ్చింది. ఇప్పటికీ ఆ మాట గుర్తొస్తే చెవులు కాలతాయి. తర్వాత కుర్చీలు గాల్లోకి లేచాయి. పోలీసు జీపు వచ్చేదాకా మా అధికారి, నేను రికార్డు గదిలో గడియ పెట్టుకుని కూర్చున్నాం.

వదులు జాయింటు

సభ అయిన తొమ్మిదో రోజు వన్నూరమ్మ చేనుకు వెళ్ళాను. చెట్లు పీకి మేకలకు మోపు కడుతోంది. పీకిన చెట్టు వేళ్ళకు గోరంత కాయలు, లోపల ఉత్తివి. నేను ఏదో ఓదార్పు మాట మొదలుపెట్టబోతే ఆపేసింది.

"ఆడ సూడు మేడం" అని గట్టు చూపించింది. నారాయణప్ప పైపులైను ఆమె గట్టు వెంబడే కింది మడికి పోతుంది. గట్టు దగ్గర ఒక జాయింటు ఉంది. "నా మొగుడు పోయిన కాడినుంచి ఆ జాయింటు వదులుగానే ఉండేది. ఆయప్ప తన చేనుకు కట్టినప్పుడంతా ఈడ కారేది. ఆయప్ప బిగించేవాడు కాదు, నేను అడిగేదాన్ని కాదు. నీళ్ళు నా చేన్లోకి వస్తాండె. మా పార్టీ వాళ్ళకు తెలీదు, వాళ్ళ పార్టీ వాళ్ళు పాత జాయింటులే అనుకొన్యారు. అట్ల నాలుగేండ్లు పంట తీసినా."

జాయింటు చుట్టూ కొత్త రబ్బరు ట్యూబు గట్టిగా చుట్టి ఉంది.

"మీ మీటింగు అయిన తెల్లారే వచ్చి బిగించినాడు. వదిలితే చెన్నారెడ్డి దారికి తెచ్చినట్ల అయితాది గదా. ఆయప్పైనా ఏం చేస్తాడు? నువ్వు అడగకపోయింటే ఇచ్చిండేవాడు మేడం."

నేను జీపెక్కి బత్తలపల్లె దాకా ఏడ్చుకుంటూ వచ్చాను. డ్రైవరు పాపం రేడియో పెట్టాలో ఆపాలో తెలియక రెండూ చేశాడు. నా మీద నాకు అసహ్యం వేసింది. పథకం తెచ్చిన నేను ఆమెకు ఉన్న తడి కూడా లేకుండా చేశాను.

కొన్నాళ్ళు ఒకటే ఆలోచన. చాటుగా సాగే మంచిని చాటుగానే వదిలేయాలా? ఇట్లాంటి ఊర్లలో మాట్లాడించడమే తప్పా? మీలో కొందరు ఆ మాటే అంటారు, నాకు తెలుసు. నా జవాబు ఒక్కటే. ఆ జాయింటు ఒక మనిషి మనసు మీద నడిచింది. ఆయన మనసు విరిగిన రోజు వన్నూరమ్మకు అడిగే నోరు కూడా లేదు. తనకు అందుతున్నదని ఎవరికీ చెప్పలేదు కాబట్టి, ఆగిందని కూడా చెప్పలేకపోయింది.

నాయన డ్రమ్ము

మా నాయన మోటారు బాగుచేశాక రైతు పొలంలోనే బిగించి, కింద రెండు వందల లీటర్ల డ్రమ్ము పెట్టేవాడు. నిండేలోగా అంకెలు లెక్కపెట్టాలి. ఎన్ని తక్కువ అంకెల్లో నిండితే మోటారూ బోరూ అంత బాగున్నట్లు. నాయన మాత్రం ఎప్పుడూ తను లెక్కపెట్టేవాడు కాదు. "నేను లెక్కపెడితే నా తట్టే లెక్కపెడతా. నువ్వు పెట్టప్పా" అని రైతు చేతే పెట్టించేవాడు.

రెండో ఏడాది మళ్ళీ ఊడలు దిగే వేళకే వాన ఆగింది. మా అధికారి మళ్ళీ ఏకగ్రీవం అన్నాడు. నేను మొదటిసారి ఆయనకు ఎదురు చెప్పాను. "ఈసారి ఫోటో లేదు సార్. సభ జరుగుతుందో లేదో కూడా తెలియదు" అన్నాను.

ఊర్లో నీళ్ళు పోస్తున్న ఆరు బోర్లకూ నాయన డ్రమ్ము పెట్టించాను. ఒకటే నియమం. ఎవడి బోరు వాడు లెక్కపెట్టకూడదు, ఎదుటి పార్టీ మనిషి లెక్కపెట్టాలి. నీ బోరు లెక్క నువ్వు చెప్పకూడదు. కావాలంటే పక్కన నిలబడి చూడు, నోరు మాత్రం విప్పకు. నారాయణప్ప బోరు చెన్నారెడ్డికి, చెన్నారెడ్డి బోరు నారాయణప్పకు వచ్చేలా నేనే చూశాను. ఎవరి లెక్క వాళ్ళ దగ్గరే ఉంచుకోండి, సభలో చదవండి అన్నాను.

చెన్నారెడ్డి నారాయణప్ప బోరు దగ్గర కూర్చుని పెదవులు కదుపుతూ లెక్కపెట్టాడు. నారాయణప్ప వేపచెట్టు కింద వీపు తిప్పి నిలబడ్డాడు. ఆ బోరు తొంభై అంకెల బోరని ఊరంతటికీ తెలుసు. తొంభై దాటింది. నూరు దాటింది. చెన్నారెడ్డి తలెత్తి ఒకసారి నారాయణప్ప వీపు వైపు చూశాడు. డ్రమ్ము నిండాక అరచేతిలో పెన్నుతో ఏదో రాసుకుని, నాకు కూడా చెప్పకుండా పిడికిలి మూసి వెళ్ళిపోయాడు.

ఆయన పిడికిట్లో ఎదుటి పార్టీ పరువు ఉంది.

చేన్లో సభ

మర్నాటి సభ పంచాయతీ ఆఫీసులో పెట్టలేదు. వన్నూరమ్మ చేన్లో పెట్టాను, పట్టపగలు. కుర్చీల్లేవు, నీడ లేదు. వేరుశనగ ఆకులు ఎండకు ముడుచుకుని ఉన్నాయి. ఇంకో ఐదారు రోజులు దాటితే పోయిన ఏటి కథే. రెండు పార్టీల వాళ్ళూ కలిపి నలభై మంది దాకా వచ్చి, మధ్యలో పది సాళ్ళు వదిలి అటూ ఇటూ నిలబడ్డారు. ఇద్దరు ముగ్గురి చేతుల్లో కట్టెలున్నాయి. గొర్రెలు తోలేకి అన్నారు. చుట్టుపక్కల ఒక్క గొర్రె లేదు.

మొదట ఖాళీ డ్రమ్ము చూపించి ఫోన్లన్నీ అందులో వేయమన్నాను. వీడియో తీస్తున్నారంటే ఏ మనిషీ ఎదుటివాడితో మాట్లాడడు, ఊర్లో తన వాళ్ళతో మాట్లాడతాడు. గొణుగుతూ వేశారు. చెన్నారెడ్డి చివర వేశాడు.

తర్వాత నా వంతు. "పోయినేడు మీ ఇద్దరికీ నేను అబద్ధం చెప్పినాను. ఎవరూ ఒప్పుకోలేదు. ఒప్పుకున్నారని నేనే అన్నాను. ఈ చేను ఎండింది నా వల్ల" అన్నాను.

నారాయణప్ప ముందు నోరు విప్పాడు. "ఏడాది పొద్దు నన్ను మాట తప్పినోన్ని చేసి పెట్టినావు గదమ్మా."

"నన్ను నలుగురిలో నవ్వులపాలు చేసినావు మేడం" అని చెన్నారెడ్డి గట్టిగా అరిచాడు. ఆయన వాళ్ళు వెనక్కి తిరిగారు. నారాయణప్ప వాళ్ళూ కదిలారు. అయిపోయింది అనుకున్నాను.

వన్నూరమ్మ నడుం మీద చెయ్యి పెట్టి అరిచింది. "పోయేటోళ్ళు గట్టు మీద పోండప్పా! సాళ్ళు తొక్కితే ఊరుకోను. ఉండేదే ఇంత."

ఎవరో కిసుక్కుమన్నారు. ఆగారు. ఆమె లేకపోతే నా సర్వీసు అక్కడితో సరి.

నేను నియమం చెప్పాను. "ఈ రోజు నేను ఎవరి మాటా మోయను. నేరుగా మాట్లాడుకోండి. కానీ ముందు ఎదుటివాళ్ళ మాట మీరు చెప్పాలి. 'అవును, నా మాట అదే' అని వాళ్ళు ఒప్పుకున్నాకే మీ మాట."

చెన్నారెడ్డి మొదలుపెట్టాడు. "ఆయప్పది ఏముండాది, కడుపుమంట."

"నా మాట అది కాదు" అన్నాడు నారాయణప్ప.

"ప్రభుత్వం మాది గాబట్టి వద్దంటాండాడు."

"అదీ కాదు." ఆ పక్క కట్టెలు నేలకు తాటించిన చప్పుడు. ఒకడు సాళ్ళు దాటి ఇటు రాబోతే నారాయణప్ప చెయ్యి అడ్డం పెట్టాడు. "గమ్మునుండ్రా. చెప్పనీ."

చెన్నారెడ్డి పిడికిలి విప్పి అరచేతిలోకి చూసుకున్నాడు. చాలాసేపు చూశాడు. "ఎనిమిది బోర్లు వేసినాడు. ఏడు ఎండిపాయ. ఆ నష్టంలో ఎవురూ పాలు పంచుకోలేదు. ఎనిమిదోదాంట్లో పడిన నీళ్ళకు మాత్రం అందరూ చెయ్యి చాపితే ఎట్లని అడుగుతాండాడు. బోరు లేనోనికి ఎప్పటికీ వద్దంటే అది న్యాయమా అని కూడా అడుగుతాండాడు."

నారాయణప్ప అన్నాడు, "అదే."

తర్వాత ఆయన వంతు. "ఒకడు లోతుకు పోతే పక్కోనిది ఎండుతాది. పంతానికి తవ్వితే అందరివీ ఎండుతాయి. అందుకే కొన్నేండ్లు ఆపుదామంటాండాడు" అన్నాడు. ఒక్కసారికే సరిగ్గా చెప్పాడు. చెన్నారెడ్డి తలూపాడు.

ఇక బోరు లెక్కలు. మొదట నారాయణప్ప చదివాడు. "చెన్నారెడ్డిది నూట ముప్పై." ఆ పక్క కలకలం. అది నూరు లోపలి బోరని చెన్నారెడ్డి చెప్పుకు తిరిగేవాడు.

అందరూ చెన్నారెడ్డి వైపు చూశారు. ఇప్పుడాయన ఎంత చెబితే అంత. ఎక్కువ చెప్పి పరువు తీయొచ్చు. తక్కువ చెప్పి, ఇన్ని నీళ్ళు పెట్టుకుని ఆడమనిషికి ఇవ్వలేదని తిట్టొచ్చు. ఆయన అరచెయ్యి చూసి, ఏ రంగూ లేని గొంతుతో చదివాడు. "నారాయణప్పది నూట డెబ్బై."

ఆయన వెనక ఒకడు పెద్దగా నవ్వాడు. చెన్నారెడ్డి గిరుక్కున తిరిగాడు. "నగేదేముండాదిరా? నాది మాత్రం నూట ముప్పై కాలేదా?"

అప్పుడు జరిగింది నేను మర్చిపోలేను. నారాయణప్ప నా వైపు చూడకుండా, "ఏమప్పా చెన్నారెడ్డీ" అని నేరుగా పిలిచాడు. "నా బోరు పోతాండాది. పోయినేడే తెలుసు, ఎవురికీ చెప్పలేదు. నా పక్కన మా వాళ్ళే రెండు బోర్లు వేసినారు. నువ్వు చెప్పిన దాంట్లో నిజముండాది. అయితే ఒక మాట చెప్పు. బోరు లేనోన్ని ఏం చేద్దామంటావు? నీ కాగితంలో వానికి ఏముండాది?"

చెన్నారెడ్డి ఉపన్యాసం మొదలుపెట్టకుండా ఆగడం నేను అంతకుముందు చూడలేదు. "దానికి నా దగ్గర జవాబు లేదప్పా" అన్నాడు.

వన్నూరమ్మ అందుకుంది. "మీరు ఇదంతా తేల్చుకొనేకి ఎన్నేండ్లు పడ్తాదో నాకు తెలీదు. నా చెట్లకు ఐదు దినాలే. ఒక తడి కావల్ల. ఎవురిస్తారో ఇప్పుడే చెప్పండి. నోరు తెరిచి అడుగుతాండా."

నారాయణప్ప అన్నాడు, "పై ఎకరాకు నేనిస్తా. రెండెకరాలకు నా బోరు చాలదు. చూసినావు గదా."

"కింది ఎకరాకు నేనిస్తా. అయితే నా పైపు నీ చేను మీదుగా రావల్ల" అన్నాడు చెన్నారెడ్డి.

ఇది అన్నిటికన్నా కష్టమైన మాట. ఎదుటి పార్టీ పైపు తన చేన్లో పరుచుకుంటే ఊరు ఏమనుకుంటుంది? నారాయణప్ప వెనక ఒకరు వద్దని గుసగుసలాడుతున్నారు. ఆయన తల గీరుకున్నాడు. "గెనెం గట్టు వెంబడి వేసుకో. సాళ్ళ మీద వేస్తే ఊరుకోను."

తీర్మానం కాని తీర్మానం

ఏకగ్రీవం కాలేదు. కొత్త బోర్ల విషయంలో ఎవరూ మారలేదు. నేను కాగితంలో రెండు వాదనలూ రాశాను. చెన్నారెడ్డి వాదన కింద నారాయణప్ప సంతకం, నారాయణప్ప వాదన కింద చెన్నారెడ్డి సంతకం. ఒప్పుకున్నట్లు కాదు, విని అర్థం చేసుకున్నట్లు. ఆ కింద ఒకే ఒక నిర్ణయం. ఈ ఒక్క కాలానికి బోరు లేని చేలకు ఒక తడి. మా అధికారి అది చదివి, "ఇది తీర్మానమా, తగాదా కాగితమా?" అని విసిరేశాడు. నెల తర్వాత సంతకం పెట్టాడు, ఫోటో లేనందుకు చివరిదాకా బాధపడ్డాడు.

వాళ్ళిద్దరూ స్నేహితులైపోయారని రాస్తే మీరు నమ్మొద్దు. ఇప్పటికీ టీ హోటళ్ళు రెండే. మరుసటి ఎన్నికల్లో రెండు వీధుల మధ్య రాళ్ళు పడ్డాయి, ఆ రోజు నాకు చాలా కోపం వచ్చింది. కానీ కొత్త బోరు వేయాలనుకున్నవాడు ముందు సభలో చెప్పాలన్న పద్ధతి ఒకటి మిగిలింది. చెబుతున్నారు, తిట్టుకుంటున్నారు, మళ్ళీ చెబుతున్నారు. నేను ఆశపడింది ఇంతకన్నా ఎక్కువ. దొరికింది ఇంతే, ఇది చిన్నదేం కాదు.

నువ్వు ఎల్లుండి వెళ్తున్న సభలో కూడా నీకు నచ్చే పక్షం ఒకటి ఉంటుందమ్మాయ్. ముందు అది ఏదో చూసుకో. వాళ్ళు ఒకరి మాట ఒకరికి చేరవేయమంటారు, చేరవేయకు. అందరూ చేతులెత్తాలని తొందరపడకు. ఎవరి చేను ఎండుతోందో వాళ్ళను వెనక వరసలో కూర్చోబెట్టకు.

ఆ తడి కట్టిన రోజు చెప్పి ఆపేస్తాను. సభ అయిన మర్నాడే ఉదయం నేను వెళ్ళేసరికి చెన్నారెడ్డి పైపులు గెనెం వెంబడి వచ్చి ఉన్నాయి. గట్టు దగ్గర నారాయణప్ప మోకాళ్ళ మీద కూర్చుని ఆ పాత జాయింటు విప్పాడు. రబ్బరు ట్యూబు పీకేశాడు. నేను మళ్ళీ వదులుగా వదిలేస్తాడేమో అనుకున్నాను. ఆయన అక్కడ కొత్త వాల్వు పెట్టి గట్టిగా బిగించి, దాని పిడి వన్నూరమ్మ చేను వైపుకు తిప్పాడు. లేచి దుమ్ము దులుపుకుని, "నువ్వే తిప్పుకో" అని వెళ్ళిపోయాడు. దూరంగా రెండు పార్టీల వాళ్ళూ చూస్తూ ఉన్నారు.

వన్నూరమ్మ వాల్వు తిప్పింది. స్ప్రింక్లర్లు దగ్గి, మట్టి కక్కి, తిరగడం మొదలుపెట్టాయి. మేమిద్దరం తడిసిపోయాం. ఆమె కొంగుతో మొహం తుడుచుకోలేదు.

"ఇన్నేండ్లు కారే నీళ్ళు తీసుకొంటి మేడం" అంది. "ఈ పొద్దు అడిగి తీసుకొంటి."